ఆది

శుక్రవారం సాయంత్రం
పూంగొడి టీచర్ లోపల ఉండగా
హ్యాండిల్ ఊడి నా చేతిలోకి వచ్చింది.
అటువైపు పిడి గచ్చు మీద పడింది,
స్టీలు గిన్నె జారినట్టు.
ఒంటి మీద పిన్నులు గుచ్చిన జాకెట్టు,
చంకల దగ్గర ఇంకా కలపని అంచులు.
కదిలితే గుచ్చుకుంటుంది.
ఇరవై నిమిషాలు అలాగే నిలబడింది ఆవిడ.
చిల్లులో కత్తెర మొన దూర్చి నేను తిప్పుతుంటే
"మెల్లగా, తొందరేం లేదు" అంది,
లెక్క తప్పిన పిల్లకి చెప్పే గొంతుతో.

వణ్ణారపేట గాలి అలాంటిది.
రేవు నుంచి ఉప్పు మోసుకొచ్చి
సూదుల డబ్బాలో కూడా పోసి పోతుంది.
ఆ పిడి మీద ఇత్తడి పూత
నేను ఈ గది అద్దెకి తీసుకున్న ఏడే పోయింది.

కానీ తప్పంతా గాలి మీదకి తొయ్యలేను.
ఆ తలుపుకి గడియ సరిగ్గా పడేది కాదు.
జాకెట్టు వేసి చూసుకోవడానికి ఎవరు లోపలికెళ్లినా
బయట పిడి లాగి పట్టుకుని
నేను నిలబడేదాన్ని.
పదకొండేళ్లు.
బొటనవేలు ఆనే చోట సొట్ట పడింది.

అటువైపు నుంచి మాటలు వచ్చేవి.
ముఖం కనబడకపోతే మనుషులు చాలా చెబుతారు.
"నడుం దగ్గర రెండంగుళాలు వదులు పెట్టక్కా,
ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు."
"ఎడమవైపు కాస్త దూది పెట్టి కుట్టు,
ఆపరేషన్ తర్వాత అటు ఏమీ లేదు."
నేను ఊఁ అనేదాన్ని.
పిడి ఇంకాస్త గట్టిగా పట్టుకునేదాన్ని.

శనివారం పొద్దున సెంబుదాస్ వీధికి పోయాను.
తాళాల కొట్లో పెద్దాయన
కళ్లజోడు నుదుటి మీదకి తోసి అడిగాడు:
"ఎన్ని మిల్లీమీటర్లు?"
నాకు అంగుళాలే వచ్చు.
"ఎడంచేతి తలుపా, కుడిచేతి తలుపా?"
తలుపుకి చేతులుంటాయని నాకెవరు చెప్పారు?
"పాతది తెచ్చావా అమ్మా?"
తేలేదు.

ఆది జాకెట్టు లేకుండా వచ్చి
"నా కొలత నీకు తెలీదా" అనేవాళ్లని
ఎంతమందిని గుమ్మంలోంచే తిప్పి పంపానో!

కళ్లు మూసుకున్నాను.
ఆటోల హారన్లు, ఇనప గొలుసులు తూకం వేసే చప్పుడు,
వాటి మధ్య గాలిలోకి చెయ్యి చాపి
లేని పిడి పట్టుకున్నాను.
లాగి పట్టుకోవడమే వచ్చింది చేతికి.
తెరవడం రాలేదు.
కొళాయి కొనడానికొచ్చిన కుర్రాడు నవ్వాడు.
పెద్దాయన నవ్వలేదు.
నా మణికట్టు వంక కాసేపు చూసి
పై అరలోంచి ఒక అట్టపెట్టె దించాడు.
"కుడి" అన్నాడు. "కుదరకపోతే సోమవారం తే."

వడ్రంగి నాలుగొందలు అడిగాడు.
మిషన్ పాదం విప్పే స్క్రూడ్రైవర్ ఉంది నాకు.
పాత రేకు కింద ఆకుపచ్చ రంగు,
అది గీకుపోయిన చోట గులాబి.
నాకన్నా ముందు ఈ గదిలో
ఎవరో గులాబి రంగు తలుపు కావాలనుకున్నారు.

చిల్లు వదులైపోయింది.
స్క్రూ గిర్రున తిరుగుతుంది గానీ పట్టదు.
అగ్గిపుల్లల తలలు విరిచి
ఫెవికాల్‌లో ముంచి కూరాను,
పిగిలిన కుట్టు కింద పట్టీ వేసినట్టు.
చెక్కయినా గుడ్డయినా అంతే,
రోజూ లాగిన చోటే వదులవుతుంది.

పాత పిడి గుండీల డబ్బాలో వేశాను.
మళ్లీ పోతే ఆది ఉండాలి కదా.

సోమవారం పూంగొడి టీచరే మొదట వచ్చింది,
పిన్నులు లేని జాకెట్టు కోసం.
లోపలికెళ్లింది. టక్.
ఎవరూ పట్టుకోకుండానే మూసుకుంది తలుపు.

నేను అలవాటుగా వచ్చి నిలబడ్డాను.
మెడలో టేపు తీసి వేలికి చుట్టి,
విప్పి, మళ్లీ చుట్టి.
మిషన్ మీద మూడు జాకెట్లు ఉన్నాయి, పోవచ్చు.
పోలేదు.

కాసేపటికి లోపల్నుంచి,
"ఉన్నావా?"

"ఉన్నాను.
రెండు చేతులూ పైకెత్తి చూడండి టీచర్,
చంకలో పట్టేస్తోందా?"